పాతగుడ్డే కదా అని పారేయకండి



నాలుగు పార్టీలు కలిసి ఎక్కడైనా ప్రభుత్వం ఏర్పాటు చేస్తే చాలు, మన పత్రికలవాళ్ళు దాన్ని 'అతుకుల బొంత' అని వెక్కిరిస్తారు. పాపం, బొంత ఏం పాపం చేసిందండీ? బొంతను చేత్తో పట్టుకుని చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. అతుకు పడ్డచోట బట్ట రెండు పొరలవుతుంది, దానిమీద కుట్టు పడుతుంది. అంటే బొంతలో అతుకే అన్నిటికంటే గట్టి చోటన్నమాట. ఈ సంగతి బొంత కుట్టిన ఆడవాళ్ళకు తెలుసు, వెక్కిరించే పెద్దలకు తెలియదు. ఈవేళ ఆ బొంత గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం. అందులోనూ పాతచీరల బొంత మనందరికీ తెలిసిందే కాబట్టి, సాధారణంగా ఎవరూ పట్టించుకోని వంటింటి పాతగుడ్డలతో బొంత ఎలా కుట్టుకోవచ్చో చూద్దాం.

'వంటింట్లో గుడ్డలేముంటాయి, మసిగుడ్డ తప్ప?' అంటారేమో. ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. ఆవకాయ జాడీకి వాసెన కట్టే గుడ్డ, వడియాలు పెట్టే పాతపంచె, ఇడ్లీ రేకుల్లో పరిచే తడిగుడ్డ, పెరుగు వడగట్టే పల్చటి గుడ్డ, చేతులు తుడుచుకునే తువ్వాలు. ఇవన్నీ రోజూ పనిచేసేవి. ఇక పెట్టెలో దాచుకున్నవి వేరే ఉంటాయి. భోజనాల బల్లమీద పరిచే గుడ్డ, కాఫీ పళ్ళెంలో వేసే చిన్నగుడ్డ, నీళ్ళ కూజామీద కప్పే అంచు పూసల గుడ్డ, టీ చల్లారకుండా కెటిల్‌మీద కప్పే టోపీ. కుట్లు అల్లికలు నేర్చుకునే రోజుల్లో కేస్‌మెంట్ బట్టమీద లేజీడేజీ పువ్వులు కుట్టని అమ్మాయి ఉండేదా! ఆ పువ్వులు ఈనాటికీ ఎన్ని ట్రంకుపెట్టెల్లో నిద్రపోతున్నాయో.

మా మెట్టుగూడ ప్రాంతంలో ఇటువంటి పెట్టెలకు కొదవ లేదు. కారణం చెబుతాను. ఇక్కడికి పక్కనే ఉన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893లో, నిజాం రైల్వే కాలంలో వెలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే సికిందరాబాదు కేంద్రంగా ఏర్పడ్డాక ఉద్యోగుల కుటుంబాలు ఇంకా పెరిగాయి. తెలుగువాళ్ళూ, తమిళులూ, మరాఠీలూ, ఆంగ్లో ఇండియన్లూ ఒకే వరస క్వార్టర్లలో కాపురాలు చేశారు. కాస్త ముందుకు పోతే తార్నాక, ఆ పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1918లో ఆ విశ్వవిద్యాలయం, 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, ఇంకా ఎన్నో పరిశోధన సంస్థలు దేశం నలుమూలల నుంచీ ఉద్యోగులను రప్పించాయి. ఇన్ని రకాల వంటిళ్ళు ఒకచోట చేరితే ఇన్ని రకాల గుడ్డలూ చేరతాయి కదా! ఒకరింట్లో పంచె ముక్కలుంటే, ఇంకొకరింట్లో అంచున లేసు కుట్టిన టీ బల్ల గుడ్డలుంటాయి.

ఇప్పుడు ఆ ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఉద్యోగం అయిపోతే క్వార్టరు అప్పగించాలి. తార్నాక వీధుల్లో జామచెట్టు ఉన్న పాత ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. పిల్లలు పైదేశాల్లో ఉంటే, అమ్మ పోయాక వారం రోజుల సెలవులో వచ్చి ఇల్లంతా సర్దాలి. బంగారం పంచుకుంటారు, ఇత్తడి పంచుకుంటారు. గుడ్డల పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. అది పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చేవాళ్ళ గంపలోకి పోతుంది. ఒక మనిషి నలభై ఏళ్ళ చేతిపనికి ఒక స్టీలు డబ్బా! మనం కాస్త మనసు పెట్టాల్సింది ఇక్కడే.

నరసాపురం లేసు సంగతి మీరు వినే ఉంటారు. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆడవాళ్ళు క్రోషా సూదితో అల్లే ఆ లేసు బల్లగుడ్డలు, పళ్ళెం గుడ్డలు విదేశాలకు ఎగుమతి అయ్యాయి. ఆ స్త్రీల మీద మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకమే ప్రచురించారు. ప్రపంచ బజారుకు సరుకు తయారుచేస్తున్నా ఆ ఆడవాళ్ళను పనివాళ్ళుగా ఎవరూ లెక్కించడం లేదని, 'ఇంట్లో తీరికవేళ ఏదో అల్లుకుంటారు' అని కొట్టిపారేస్తున్నారని ఆవిడ ఎత్తిచూపారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని మన పెట్టెలో ఉన్న లేసును మనమే గుర్తించకపోతే ఎలా చెప్పండి?

పాతబట్టను పొరలు పొరలుగా వేసి కుట్టుకోవడం మన ఒక్క ప్రాంతానికే ఉన్న అలవాటు కాదు. బెంగాలులో కాంథా అంటారు, బీహారులో సుజనీ అంటారు, మహారాష్ట్రలో గోధడీ, కన్నడదేశంలో కౌదీ. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు కుట్టే బొంతల మూలలకు బట్టను మడిచి పువ్వులా అమరుస్తారు. అది లేనిదే బొంత పూర్తి కాదని వాళ్ళ పట్టుదల. బెంగాలు స్త్రీలైతే పాతచీర అంచుల నుంచి రంగు పోగులు లాగి ఆ దారంతోనే బొమ్మలు కుట్టేవారు. కొనాల్సింది సూది ఒక్కటే!

సంపన్న దేశమనుకునే అమెరికాలో కూడా 1930లలో చేతులు ఖాళీ అయిన రోజుల్లో గోధుమపిండి సంచులే గౌన్లూ బొంతలూ అయ్యాయి. ఆడవాళ్ళు సంచి బట్టను దాచుకుంటున్నారని గ్రహించి పిండి వ్యాపారులు సంచులమీద పూలు, చారలు అచ్చువేయించడం మొదలుపెట్టారు. ఏ పువ్వుల సంచి కావాలో ఇల్లాలు చెబితే ఆ పిండే ఇంటికి వచ్చేదట. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్నపల్లెలో నల్లజాతి స్త్రీలు చిరిగిన పనిబట్టలతో కుట్టుకున్న బొంతలు 2002లో న్యూయార్కు మ్యూజియం గోడకెక్కాయి. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేశారు. చలికి కప్పుకోవడానికి కుట్టినవే, చిత్రపటాల పక్కన నిలబడ్డాయి.

సరే, పనిలోకి వద్దాం. పెట్టె తెరిచారు. ఏది కత్తిరించాలి, ఏది కత్తిరించకూడదు?

ముందు బట్టలను మూడు కుప్పలు వేయండి. బట్ట గట్టిగా ఉండి, కుట్టు చెక్కుచెదరకుండా ఉన్నది మొదటి కుప్ప. దాన్ని కత్తిరించవద్దు. ఉతికి బల్లమీద పరుచుకోండి, వాడండి. పెట్టెలో ఉంచితే బాగుంటుందనుకోవడం వట్టి భ్రమ. మడత పడినచోటే బట్ట ముందుగా చీకిపోతుంది, వెండిపురుగు ఉండనే ఉంది. మధ్యలో చిరిగి అంచులు బాగున్నవి రెండో కుప్ప. మన బొంతకు కావలసిన సరుకు ఇదే. పట్టుకుంటే పొడి రాలేవీ, నూనె ఇంకి ముక్కవాసన వేసేవీ మూడో కుప్ప. మొహమాటపడకుండా పారేయండి. మసిగుడ్డలు ఎక్కువగా ఈ కుప్పలోకే పోతాయి. నూనెవాసన ఉన్న ముక్క ఒక్కటి బొంతలో పడిందంటే చీమలకూ బొద్దింకలకూ పిలుపు పంపినట్టే.

వంటింటి గుడ్డకు ఒక గుణం ఉంది, గమనించారో లేదో. అది మధ్యలో అరుగుతుంది, అంచున అరగదు. తువ్వాలైనా, బల్లగుడ్డైనా మనం తుడిచేది, రుద్దేది నడిమి భాగంతోనే. మూలలు దాదాపు కొత్తగానే ఉంటాయి. ఆనాటి అమ్మాయిలు పువ్వులు కుట్టింది కూడా మూలల్లోనే! కాబట్టి నడుమ పోయిన బల్లగుడ్డ నుంచి నాలుగు మంచి మూలలు దక్కుతాయి.

ఇక బట్ట బలం పరీక్ష. గుడ్డను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టండి. పల్చబడ్డ చోట్లు జల్లెడలా కనిపిస్తాయి. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తరువాత రెండు బొటనవేళ్ళతో నిలువుకూ అడ్డానికీ మెల్లగా లాగండి. పోగులు జరిగినా, టప్పుమని శబ్దం వచ్చినా ఆ భాగం పైబట్టకు పనికిరాదు. బొంత లోపలి పొరకు వాడుకోవచ్చు.

ఉతుకుడు దగ్గర జాగ్రత్త కావాలి. ముందు ఒక రాత్రి మామూలు నీళ్ళలో నానబెడితే పాత గంజీ, దుమ్మూ వదులుతాయి. రంగుదారంతో కుట్టిన పువ్వులుంటే తెల్లని తడిగుడ్డతో కుట్టుమీద అద్ది చూడండి. రంగు అంటుకుంటే వేడినీళ్ళు, నానబెట్టడం పనికిరావు. చల్లనీళ్ళలో చప్పున జాడించి నీడన ఆరేయాలి. తెల్లని వాసెన గుడ్డలకు ఆ భయం లేదు. సబ్బూ చాకలిసోడా వేసిన వేడినీళ్ళలో ఉడికిస్తే కారపు నూనె మరక చాలావరకు వదిలిపోతుంది.

పసుపు మరకమీద సబ్బు రుద్దితే అది ఎర్రబడుతుంది. కంగారు పడకండి. సబ్బులోని క్షారం పసుపు రంగును అలా మారుస్తుంది. బాగా జాడిస్తే మళ్ళీ పసుపుపచ్చగా అవుతుంది. ఆ తరువాత పని సూర్యుడిది. తడిబట్టను నాలుగైదు రోజులు ఎండలో వేయండి, పసుపు దానంతట అదే వెలిసిపోతుంది. ట్రంకుపెట్టె తుప్పు తెల్లబట్టకు అంటుకుంటే నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో ఉంచి శుభ్రంగా జాడించండి. ఇన్ని చేసినా పోని మరక ఉంటే ఉండనివ్వండి. వడియాల పంచెమీద మిగిలిన పచ్చటి చార బొంతకు దిష్టిచుక్క అనుకుందాం.

ఒక చిన్నబొంత లెక్క చెబుతాను, కాగితం పెన్సిలు తీసుకోండి. వెడల్పు 36 అంగుళాలు, పొడవు 48 అంగుళాలు. ఒళ్ళో కప్పుకోవడానికి, సోఫామీద వేసుకోవడానికి సరిపోతుంది. దీన్ని 12 అంగుళాల చదరాలుగా భాగిస్తే వరసకు మూడు చొప్పున నాలుగు వరసలు, మొత్తం 12 చదరాలు. వీటిలో నాలుగు చదరాలు బల్లగుడ్డ మూలలు. కుట్టులో పోయే బట్టకు ఒక్కోవైపు పావు అంగుళం వదలాలి కాబట్టి పన్నెండున్నర అంగుళాలకు కత్తిరించాలి. పూలకుట్టు కత్తెరకు తగలకుండా చుట్టూ బొటనవేలంత ఖాళీ ఉండేటట్టు చూసుకోండి.

మిగిలిన 8 చదరాలు చిన్నముక్కలతో చేద్దాం. ఒక్కో చదరానికి నాలుగు ముక్కలు, అంటే 32 ముక్కలు. ఒక్కో ముక్క ఆరున్నర అంగుళాలు. పాత శుభలేఖ అట్టను ఆ కొలతకు కత్తిరించి పెట్టుకుంటే అన్నీ ఒకే తీరుగా వస్తాయి. ఒక తువ్వాలు నాలుగు మూలల నుంచి నాలుగు ముక్కలు తీస్తే, ఎనిమిది తువ్వాళ్ళతో 32 ముక్కలూ వచ్చేస్తాయి. ఏమంత కష్టం?

నాలుగు ముక్కలు కలిపి ఒక చదరం కుట్టండి, కుట్టును ఇస్త్రీ చేయండి. మూడు చదరాలు కలిపి ఒక వరస, నాలుగు వరసలు కలిపి పైబట్ట. బల్లగుడ్డ మూలల్లో ఉన్న పువ్వులను మళ్ళీ బొంత నాలుగు మూలలకే పెడితే ఎంతో ముచ్చటగా ఉంటుంది. ముక్క పల్చగా ఉంటే వెనక మరో మెత్తటి గుడ్డ వేసి కచ్చాకుట్టు వేశాక జోడించండి. లేసును మాత్రం కుట్టులో ఇరికించకండి. అది సాగుతుంది, చదరం వంకర పోతుంది. చదరం పూర్తయ్యాక పైన పరిచి అంచులు కుట్టుకోవాలి.

లోపలి పొరకు దూది వద్దంటాను. మన ఎండలకు అంత వేడి అక్కరలేదు, పైగా ఉతికితే దూది ఉండలు కడుతుంది. ఒక పాత నూలుచీర చాలు. ఆరు గజాల చీరను పొడవున నాలుగు సమభాగాలు చేస్తే ఒక్కోటి 54 అంగుళాల పొడవు, సుమారు 45 అంగుళాల పన్నా ఉంటుంది. ఒకటి అడుగుబట్ట. రెండు మధ్యపొరలు. నాలుగోది పల్చటి ముక్కల వెనక వేసుకోవడానికి. మధ్యపొరలను పైబట్ట కొలతకే కత్తిరించి, అడుగుబట్టను మాత్రం చుట్టూ రెండు అంగుళాలు ఎక్కువ ఉంచండి. చివర ఆ ఎక్కువ భాగాన్ని ముందుకు మడిచి కుట్టేస్తే అంచు తయారు. వేరే పట్టీ కొననక్కరలేదు.

పొరలన్నీ నేలమీద ముడతల్లేకుండా పరచి, నడిమి నుంచి నాలుగు పక్కలకూ కచ్చాకుట్టు వేయాలి. అంచు నుంచి మొదలుపెడితే నడుమ బుడగలా పొంగుతుంది. తరువాత అసలు కుట్టు. సూది కిందికీ పైకీ పోతూ ముందుకు సాగే మామూలు రన్నింగ్ కుట్టే, వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం. దారం నూలుదే వాడండి. నైలాను దారం గట్టిదే, కాని ఆ గట్టితనమే పాతబట్టను కోసేస్తుంది. అలాగే నూలుముక్కల మధ్య టెరిలీను, పట్టు ముక్కలు కలపకండి. ఒకటి ముడుచుకుని ఇంకొకటి ముడుచుకోకపోతే మొదటి ఉతుకుడుకే బొంత మెలికలు తిరుగుతుంది.

మిగిలిన చిన్నముక్కలతో పొయ్యిమీది గిన్నె దించుకునే మెత్తలు కుట్టుకోండి. వీటికి అచ్చంగా నూలే వాడాలి సుమండీ. టెరిలీను వేడికి కరిగి చేతికంటుకుంటుంది. పసిపిల్లలకు కుట్టే బొంత అయితే గుండీలు, అద్దాలు, వేలాడే లేసులు వద్దు. పక్కమీద పల్చగా పరవడానికే వాడండి, నిద్రపోయే పాప ముఖం మీదికి రానివ్వకండి. పొత్తిళ్ళకు పాతపంచె వెతికిన మన పెద్దవాళ్ళ ఉద్దేశం లోభం కాదు. ఎన్నోసార్లు ఉతికిన నూలంత మెత్తగా కొత్తబట్ట ఉండదు, అంతే.

'ఇంత పని చేయడానికి నాకు కళ్ళు కనబడవమ్మా, తీరికా లేదు' అనేవాళ్ళుంటారు. కుట్టించుకోండి. కూలి తీసుకుని బొంతలు కుట్టిపెట్టే స్త్రీలు మన ఊళ్ళలో ఉన్నారు. కాని ఒక మాట. దర్జీ జాకెట్టుకు ఎంత అడిగినా ఇస్తాం, బొంత కుట్టే ఆమె దగ్గర పది రూపాయలకు గీచి గీచి బేరమాడతాం. రోజుల తరబడి వంచిన నడుము ఎత్తకుండా చేసే పని అది. బట్ట పాతదైనా పని పాతది కాదు. తగిన కూలి ఇవ్వాలి.

బొంత పూర్తయ్యాక ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టకండి, చెమ్మ పట్టి బూజు వస్తుంది. పాత పంచెలో చుట్టి, నాలుగు ఎండిన వేపాకులు చుట్టూ వేసి, నెలకోసారి తీసి మడత మార్చండి. అంతకంటే మంచి ఉపాయం, రోజూ వాడుకోవడం.

చివరగా ఒక్క పని మరచిపోకండి. బొంత వెనక ఒక మూల, దారంతో రెండు ముక్కలు రాయండి. పూలు కుట్టినవారి పేరు, ఊరు, బొంత కుట్టినవారి పేరు, సంవత్సరం. మన అమ్మలు గ్లాసుమీదా చెంబుమీదా పేరు చెక్కించుకున్నారు, ఆ పేరు కూడా చాలాసార్లు మగవాళ్ళదే. దిండుగలేబుమీద 'గుడ్ నైట్' అని కుట్టారు గాని, కింద తమ పేరు కుట్టుకోలేదు. పెట్టె తెరిచిన మనుమరాలికి ఆ పువ్వు ఎవరిదో తెలియదు. తెలియకపోతే పారేయడం సులువు. పేరు ఉన్న గుడ్డను గంపలో వేయడానికి చెయ్యి రాదు.

అమ్మ ఉన్నప్పుడే ఆ పెట్టె తెరిపించండి. 'ఇదెవరు కుట్టారమ్మా?' అని అడగండి. బొంత ఆ తరువాత కుట్టుకోవచ్చు.